ఆల్జీబ్రాలో వెనకబడిన హైస్కూల్ పిల్లలకు బేసిక్స్ ఎలా చెప్పాలి, స్లిప్ టెస్ట్ ఎలా ఇవ్వాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిది, పది తరగతులకు గణితం చెప్పే టీచర్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. రాష్ట్ర సిలబస్‌నే దృష్టిలో పెట్టుకుని రాసినా సీబీఎస్ఈ పిల్లలకూ దాదాపు అంతా వర్తిస్తుంది.

పదో తరగతికి వచ్చాడు, ఆల్జీబ్రా అసలు రావడం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

పదో తరగతి పుస్తకం నుంచి మాత్రం కాదు. ఎక్స్² − 3ఎక్స్ − 10 = 0 అనే మామూలు వర్గ సమీకరణాన్నే చూడండి. గుణిస్తే −10, కూడితే −3 వచ్చే రెండు సంఖ్యలు పట్టుకోవాలి. అంటే −5, 2. ఇది పూర్ణసంఖ్యల పని, ఆరు ఏడు తరగతుల్లోది. తర్వాత మధ్యపదాన్ని −5ఎక్స్ + 2ఎక్స్‌గా విడదీసి, ఉమ్మడి కారణాంకం బయటికి తీయాలి. అది ఎనిమిదో తరగతి. (ఎక్స్ − 5)(ఎక్స్ + 2) = 0 అయితే రెండిట్లో ఏదో ఒకటి సున్నా కావాలి అన్న ఆలోచన ఒక్కటే ఇక్కడ పదో తరగతికి కొత్త. పిల్లవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంటే, చివరి మెట్టును ఎన్నిసార్లు చెప్పినా బోర్డు మీదున్నది దించుకుంటాడంతే.

ఇది ఒక్క మీ బడి సంగతే అనుకోకండి. గ్రామీణ ప్రాంతాల్లోని 14–18 ఏళ్ల వాళ్ల మీద జరిగిన అసర్ 2023 (ప్రథమ్ సంస్థ విద్యా నివేదిక) సర్వేలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క సరిగా చేసినవాళ్లు 43.3 శాతమే.

ఎక్కడ ఆగిపోయాడో ఎలా కనిపెట్టాలి?

ఒక చిన్న పేపర్ చాలు. ఇరవై నిమిషాలు ఇవ్వండి, మార్కులు వేయనని ముందే చెప్పండి.

1. −7 + 4
2. −3 − 5
3. (−6) × (−2)
4. 1/2 + 1/3
5. 5ఎక్స్ + 3 + 2ఎక్స్ ను సూక్ష్మీకరించండి
6. 4(ఎక్స్ − 3) ను విస్తరించండి
7. 7 − (ఎక్స్ − 4) ను సూక్ష్మీకరించండి
8. ఎక్స్ = −2 అయితే ఎక్స్² + 3ఎక్స్ విలువ ఎంత?
9. 3ఎక్స్ = 12 అయితే ఎక్స్ ఎంత?
10. 2ఎక్స్ + 7 = 1 అయితే ఎక్స్ ఎంత?
11. "ఒక సంఖ్యకు మూడు రెట్ల కన్నా 5 తక్కువ" అన్నదాన్ని బీజీయ సమాసంగా రాయండి

దిద్దేటప్పుడు ఎన్ని తప్పులన్నది కాదు, ఏ రకం తప్పులన్నది చూడాలి. మొదటి నాలుగూ తప్పయితే సమస్య ఆల్జీబ్రాది కాదు, అంకగణితానిది. మొదటి నాలుగూ వచ్చి 5, 6, 7 పోతే పదాలు, బ్రాకెట్లు అర్థం కాలేదు. అన్నీ వచ్చి 11 ఒక్కటే పోతే భాష దగ్గర చిక్కు ఉంది. అనుమానంగా ఉన్న సమాధానం దగ్గర "ఇది ఎలా వచ్చింది, చెప్పు" అని అడగండి. ఆ రెండు నిమిషాల మాటల్లో పేపర్ చెప్పనిది తెలుస్తుంది. సరైన సమాధానం రాసినవాళ్లను కూడా అప్పుడప్పుడు అడగాలి. తప్పు దారిలో వెళ్లి కరెక్ట్ ఆన్సర్ రాసేవాళ్లు మీరనుకున్న దానికంటే ఎక్కువమందే ఉంటారు.

ఏ తప్పు వెనక ఏ అపోహ ఉంటుంది?

పిల్లల తప్పులకు చాలావరకు ఒక లాజిక్ ఉంటుంది. అది పట్టుకుంటే సగం పని అయినట్టే.

3ఎక్స్ + 2 = 5ఎక్స్. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. చిన్నప్పటి నుంచి లెక్క అంటే చివర ఒకే జవాబు రావాలని అలవాటైంది. 3ఎక్స్ + 2 దగ్గర ఆగమంటే లెక్క పూర్తికాలేదని టెన్షన్. "సజాతి పదాలు కాదు, కలపకూడదు" అని రూల్ చెబితే ఆ పూటకు వింటారు. దానికంటే ఎక్స్ = 10 వేసి చూడమనండి. ఒకవైపు 32, రెండోవైపు 50. ఆ రెండూ సమానం కావని కళ్ల ముందే కనిపిస్తుంది.

−3 − 5 = 8. "మైనస్ మైనస్ ప్లస్" అనే నినాదం తెచ్చిపెట్టిన తిప్పలు ఇవి. ఆ మాట రెండు రుణసంఖ్యలను గుణించేటప్పటిది, భాగించేటప్పటిది. పిల్లలు రెండు మైనస్‌లు ఎక్కడ కనిపిస్తే అక్కడ వాడేస్తారు. మూడు రూపాయల అప్పు ఉంది, ఇంకో ఐదు అప్పు చేశావు, మొత్తం ఎంత అని అడిగితే ఎవరూ ఎనిమిది రూపాయలు చేతిలో ఉన్నాయనరు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో గుర్తుల నియమాలను ధనం, రుణం అన్న లెక్కలోనే చెప్పాడు. నా సలహా అయితే, "మైనస్ మైనస్ ప్లస్" అన్న మాటను క్లాసులో వాడటమే మానేయండి. "మైనస్ ఇంటూ మైనస్" అని పూర్తిగా అనండి.

3ఎక్స్ = 12 కాబట్టి ఎక్స్ = 9. "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అన్నదాన్ని ఈ పిల్లవాడు నిజాయితీగా పాటించాడు. 3ని అటు పంపి, మైనస్ చేశాడు. ఇంకొకరు 12ను −3తో భాగించి −4 రాస్తారు. ఇద్దరికీ ఒకటే లోటు: 3ఎక్స్‌లో 3కీ ఎక్స్‌కీ మధ్య గుణకారం ఉందన్నది వాళ్ల మనసులో లేదు. ఎక్స్ = 3 అయితే 2ఎక్స్ ఎంత అంటే 23 అని రాసేవాళ్లదీ ఇదే కథ. కొన్నాళ్లు 3 × ఎక్స్ అని గుర్తుతో సహా రాయించండి. పదో తరగతిలో ఇదేంటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

7 − (ఎక్స్ − 4) = 3 − ఎక్స్. బ్రాకెట్ ముందున్న మైనస్ మొదటి పదానికే తగిలిందనుకున్నాడు. బ్రాకెట్ ముందు 1 రాయించి, 7 − 1 × (ఎక్స్ − 4) చేసి, విభాగ న్యాయంతో (బయటి సంఖ్యతో లోపలి ప్రతి పదాన్నీ గుణించి) విప్పితే దారిలో పడతాడు.

(ఏ + బీ)² = ఏ² + బీ². సూత్రం నోటికొచ్చినవాళ్లు కూడా లెక్కలో ఈ తప్పు చేస్తారు. 3, 4 వేసి చూస్తే 49 ఎక్కడ, 25 ఎక్కడ! ఆ తేడా 24 ఎక్కడి నుంచి వచ్చిందో చూపాలంటే, ఏడు గళ్ల భుజం ఉన్న చతురస్రం గీసి 3, 4గా విడగొట్టాలి. ఆ రెండు చదరాలు కాక, 3 × 4 దీర్ఘచతురస్రాలు రెండు మిగులుతాయి. గళ్ల నోటుబుక్కులో పిల్లలే గీస్తే ఇంకా మంచిది.

1/2 + 1/3 = 2/5. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని అడగండి. క.సా.గు. చెప్పేముందు ఈ ప్రశ్న వాళ్లను కాస్త ఇబ్బంది పెట్టాలి.

ఇక 5 + 3 = 8 × 2 = 16 అని వరసగా రాసుకుంటూ పోయేవాళ్లు. సమాన గుర్తును "జవాబు ఇదిగో" అనే బాణంలా వాడుతున్నారు. రెండువైపులా ఒకే విలువ అన్న భావం లేకుండా సమీకరణాలు అర్థం కావు. కాబట్టి 8 + 4 = __ + 5 లాంటి చిన్న లెక్కలు పదో తరగతిలో ఇచ్చినా తప్పేం లేదు. ఖాళీలో 12 రాసేవాళ్లు కనిపిస్తారు.

అయితే పక్షాంతరం (పదాన్ని గుర్తు మార్చి అటువైపు పంపడం) చెప్పడం మానేయాలా?

మానక్కర్లేదు, వాయిదా వేయండి. ముందు రెండువైపులా ఒకే పని చేయడం అలవాటు కావాలి. 2ఎక్స్ + 7 = 1 అంటే రెండువైపులా 7 తీసేస్తే 2ఎక్స్ = −6. రెండువైపులా 2తో భాగిస్తే ఎక్స్ = −3. ఏం చేశారో పక్కన మాటల్లో రాయించండి. కొన్ని రోజులయ్యాక పిల్లలే "సార్, మధ్య లైన్ రాయకపోతే కాదా?" అంటారు. పక్షాంతరం చెప్పాల్సిన సమయం అదే.

సిలబస్ పూర్తికావాలని ఒకవైపు ఒత్తిడి. బేసిక్స్‌కి టైమ్ ఎక్కడిది?

జూన్ నెలంతా బేసిక్స్ చెప్పి జూలైలో పాఠం మొదలుపెట్టే పద్ధతి నాకు నచ్చదు. జూన్‌లో చెప్పిన భిన్నాలు అవసరమయ్యేది సెప్టెంబరులో. అప్పటికి పిల్లలు మర్చిపోతారు. ఆ రోజు పాఠానికి ఏది కావాలో అదొక్కటే, పీరియడ్ మొదటి పది నిమిషాల్లో చూసుకుంటే చాలు.

బహుపదుల శూన్యాలు చెప్పే రోజు ముందుగా ఎక్స్ స్థానంలో −1, −2 లాంటి విలువలు వేయించండి. (−2)²కూ −2²కూ తేడా అక్కడే తేలిపోవాలి. శ్రేఢులకు సూత్రంలో విలువలు ప్రతిక్షేపించడం, రుణ సామాన్య భేదం. వర్గ సమీకరణాలకు పైన చెప్పినట్టు గుణిస్తే ఇంత, కూడితే ఇంత అనే జతలు. రెండు చరరాశుల సమీకరణాల జతలో చరరాశిని తొలగించే పద్ధతికి మాత్రం రుణసంఖ్యల తీసివేత తప్పనిసరి. 2ఎక్స్ − 3వై = 7 లోంచి 2ఎక్స్ + వై = 3 తీసేయమంటే −4వై రావాలి. చాలామంది −2వై రాస్తారు. పద్ధతి తెలిసినా −3 − 1 దగ్గర దెబ్బతింటారు. ఆ రోజు మొదటి పది నిమిషాలు అలాంటి తీసివేతలు ఐదారు చేయిస్తే మిగతా పీరియడ్ సాఫీగా నడుస్తుంది.

వీళ్ల కోసం స్లిప్ టెస్టును ఎలా మార్చాలి?

అంకెల బరువు తగ్గించండి, ఆల్జీబ్రా ఆలోచన తగ్గించకండి. సులువు పేపర్ అనగానే చాలామంది "సమీకరణం అంటే ఏమిటి?" లాంటి నిర్వచనాలు, బిట్లు ఇస్తారు. దాంతో మార్కులు పెరుగుతాయి కానీ సాధన కొంచెం కూడా పెరగదు.

5ఎక్స్/6 − 3/4 = 7/12 అని ఇచ్చారనుకోండి. తప్పు చేస్తే భిన్నాల వల్ల చేశాడా, సమీకరణం రాక చేశాడా అన్నది మీకే తెలియదు. దాని బదులు 3ఎక్స్ − 4 = 11, తర్వాత ఎక్స్/2 − 3 = 4, ఆ తర్వాత ఎక్స్/2 − ఎక్స్/3 = 4 ఇలా మెట్లుగా ఇవ్వండి. సమాధానాలు 5, 14, 24. ఎక్కడ ఆగాడో పేపరే చెబుతుంది.

రెండో మార్పు, సగం చేసి ఉంచిన లెక్కలు. మొదటి లెక్క పూర్తిగా చేసి చూపించండి. రెండోదాంట్లో చివరి లైన్ ఖాళీ, మూడోదాంట్లో రెండు లైన్లు ఖాళీ, నాలుగోది మొత్తం వాళ్లదే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒట్టి అభ్యాసం కంటే చేసి చూపిన లెక్కలు చదవడం ఎక్కువ ఉపయోగమని స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు 1985లో ఆల్జీబ్రా మీదే చేసిన ప్రయోగాల్లో తేలింది.

మూడోది, తప్పు పట్టుకునే ప్రశ్న ఒకటి. ఇంకొకరి తప్పును చూడటానికి ఈ పిల్లలు భయపడరు, పైగా ఉత్సాహపడతారు.

నాలుగోది చిన్న విషయమే కానీ మర్చిపోవద్దు. ఒక పేజీలో ఐదు ప్రశ్నలే, మధ్యలో రాసుకోవడానికి బోలెడు ఖాళీ. ఇరుకు పేపర్‌లో ఆరు ఎనిమిదిగా, మైనస్ గీత భిన్నం గీతగా మారిపోతుంటాయి.

వర్గ సమీకరణాలకు ఒక నమూనా:

1. −5, 2 లను గుణిస్తే ఎంత? కూడితే ఎంత?
2. గుణిస్తే 12, కూడితే 7 వచ్చే రెండు సంఖ్యలు ఏవి?
3. ఖాళీలు నింపండి: ఎక్స్² + 7ఎక్స్ + 12 = ఎక్స్² + 3ఎక్స్ + __ + 12 = ఎక్స్(ఎక్స్ + 3) + __(ఎక్స్ + 3)
4. ఒక విద్యార్థి (ఎక్స్ − 3)(ఎక్స్ + 1) = 0 కాబట్టి ఎక్స్ = −3 లేదా 1 అని రాశాడు. ఆ విలువలు వేసి చూసి, సరో కాదో చెప్పండి.
5. ఎక్స్² − 3ఎక్స్ − 10 = 0 ను సాధించండి.

నాలుగోదాంట్లో −3 వేస్తే (−6)(−2) = 12 వస్తుంది, సున్నా రాదు. మూలాల గుర్తు ఎందుకు మారుతుందో మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

వెనకబడినవాళ్లకు వేరే పేపర్ ఇస్తే మిగతావాళ్లు ఎగతాళి చేయరా?

చేస్తారు. అందుకే పేపర్ వేరు చేయకండి. పైన ఇచ్చిన నమూనా క్లాసంతటికీ ఒకటే. బాగా వచ్చినవాళ్లు మొదటి మూడూ రెండు నిమిషాల్లో ముగించి ఐదోదానికి వెళ్తారు. వాళ్లకు వెనక పేజీలో ఇంకో కష్టమైన లెక్క పెట్టండి. ఎక్స్² = 5ఎక్స్ ను రెండువైపులా ఎక్స్‌తో భాగిస్తే ఏ మూలం పోతుంది అన్నది అలాంటిదే.

మార్కులు ఎలా వేయాలి? మళ్లీ రాయనివ్వచ్చా?

ఎఫ్ఏ, ఎస్ఏ (బడిలో అధికారికంగా పెట్టే ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షల) మార్కులు నిబంధనల ప్రకారమే ఉండాలి, వాటి జోలికి పోవద్దు. మీరు క్లాసులో నేర్పడానికి పెట్టుకునే టెస్టుల విషయంలో మీకు స్వేచ్ఛ ఉంది. అక్కడ స్టెప్ మార్కులు ధారాళంగా వేయండి. ఆఖరి జవాబు తప్పినా పద్ధతి సరైతే ఎక్కువ భాగం మార్కులు వాడికే రావాలి.

మళ్లీ రాయనివ్వడం మంచిదే, కానీ ఊరికే కాదు. ముందు తన తప్పు ఏమిటో ఒక వాక్యంలో రాసివ్వాలి: "బ్రాకెట్‌లో రెండో పదం గుర్తు మార్చలేదు" అన్నట్టు. "సరిగా చదవలేదు సార్" అంటే ఒప్పుకోవద్దు. తర్వాత అవే రకం లెక్కలు, వేరే అంకెలతో. రెండోసారి వచ్చిన మార్కే లెక్క. సగటు తీస్తే మొదటిసారి పడిపోయినవాడికి రెండోసారి కష్టపడాలనిపించదు.

ఎన్ని రోజులకోసారి పెట్టాలి?

నెలకోసారి పెద్దది పెట్టే బదులు వారానికి రెండుసార్లు పది నిమిషాలది. ఐదు ప్రశ్నల్లో రెండు పాత పాఠాలవి కావాలి. చదివింది మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తుచేసుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో చూపించారు. టెస్ట్ అంటే పిల్లలకు భయం కాబట్టి దానికి వేరే పేరు పెట్టుకున్నా నష్టం లేదు.

ఎక్కాలు కూడా రావు. టెస్టులో ఎక్కాల చార్ట్ ఇవ్వచ్చా?

ఇవ్వండి. కారణాంక విభజన నేర్చుకుంటున్న పిల్లవాడు 7 × 8 దగ్గర మూడు నిమిషాలు కూర్చుంటే, ఆ మూడు నిమిషాల్లో అసలు లెక్క మర్చిపోతాడు. ఎక్కాలు విడిగా, ఇంటి దగ్గర, రోజుకు కొంచెం. డిసెంబరు నుంచి చార్ట్ మెల్లగా తీసేయండి, పబ్లిక్ పరీక్షలో అది ఉండదు కదా.

ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పట్టిస్తే 35 వస్తాయి. ఇంత శ్రమ ఎందుకు?

వస్తాయేమో. ఆంధ్రప్రదేశ్‌లో పది గణితం పేపర్ 100 మార్కులకు, 35 వస్తే పాస్. ఫిబ్రవరిలో మీ చేతికొచ్చిన పిల్లవాడికి గ్రాఫులు, సాంఖ్యకశాస్త్రం చూసుకోమని చెప్పడం ప్రాక్టికల్ సలహా. పాస్ కావడం ఆ ఇంటికి ఎంత అవసరమో మనకు తెలుసు.

కానీ జూన్‌లో చేతికొచ్చిన పిల్లవాడికి అదే మందు ఇస్తే అన్యాయం. పాలిసెట్ రాయాలన్నా, ఇంటర్లో ఎంపీసీ తీసుకోవాలన్నా ఇదే ఆల్జీబ్రా ఎదురవుతుంది. ఫిజిక్స్‌లో ఓమ్ నియమం లెక్కలు, కెమిస్ట్రీలో సమీకరణాల తుల్యం కూడా దీని మీదే ఆధారపడతాయి. సీబీఎస్ఈ పదో తరగతిలో 80 మార్కుల పేపర్‌లో ఆల్జీబ్రా యూనిట్‌కే 20 మార్కులున్నాయి.

లెక్క చేస్తాడు, మాటల్లో ఇస్తే మాత్రం చేతులెత్తేస్తాడు. ఇంగ్లిష్ మీడియం వల్లేనా?

కొంతవరకు. "ఫైవ్ లెస్ దాన్ త్రీ టైమ్స్ ఎ నంబర్" అని చదివి, మాటల వరసలోనే 5 − 3ఎక్స్ రాసేస్తారు. అదే తెలుగులో "ఒక సంఖ్యకు మూడు రెట్ల కన్నా 5 తక్కువ" అంటే మూడు రెట్లు ముందొస్తుంది, 3ఎక్స్ − 5 తేలిగ్గా వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి కాబట్టి, లెక్కను ముందు తెలుగు పేజీలో చదివి, తర్వాత ఇంగ్లిష్ పేజీలో చూడమనండి. టెస్టులో మాటల లెక్క ఇస్తే చిన్న వాక్యాలు రాయండి. మొదట్లో సమీకరణం రాసి ఆపేయమనండి, సాధించక్కర్లేదు. రాయడం ఒక పని, సాధించడం ఇంకో పని. రెండూ ఒకేరోజు పరీక్షించాల్సిన అవసరం లేదు.

నాకు లెక్కలు రావు. ఇంట్లో మా అమ్మాయికి ఎలా సాయం చేయను?

మీకు రానవసరం లేదు. సమీకరణం సాధించాక "వచ్చిన విలువ తిరిగి వేసి చూశావా?" అని అడగండి. రెండువైపులా ఒకే సంఖ్య వస్తే సరి, లేకపోతే తప్పు. జవాబు కోసం గైడ్ తెరవక్కర్లేదు, సార్‌ను అడగక్కర్లేదు. ఇంకో పని, "ఈ లైన్ నుంచి ఈ లైన్‌కి ఎలా వచ్చావో నాకు చెప్పమ్మా" అనండి. చెబుతూ చెబుతూ తనే తప్పు పట్టుకుంటుంది. పక్కింటి పిల్లల మార్కులు మాత్రం ఎత్తకండి.

ఎంత చెప్పినా అంకెలే తారుమారవుతున్నాయి. డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే వైకల్యం) అయ్యుంటుందా?

చాలామంది విషయంలో అది పాత పాఠాల లోటే. కానీ నెలల తరబడి ఓపిగ్గా చెప్పినా చిన్న కూడికలు, టైమ్ చూడటం, చిల్లర లెక్క కూడా రాకపోతే నిపుణులకు చూపించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో డిస్కాల్క్యులియాను చేర్చింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో ఏయే వెసులుబాట్లు దొరుకుతాయో హెడ్‌మాస్టర్‌ను తొమ్మిదో తరగతిలోనే అడగండి. పదిలో పరీక్ష ఫీజు కట్టే వేళకు పరుగులు పెట్టడం కష్టం.

క్లాసులో అరవై మంది. వారానికి రెండు టెస్టులు పెడితే దిద్దేదెవరు?

అన్నీ దిద్దొద్దు. పేపర్లు తీసుకుని, ఒక్క ప్రశ్న మీద దృష్టి పెట్టి మూడు కట్టలు చేయండి: వచ్చినవాళ్లు, చిన్న పొరపాటు చేసినవాళ్లు, దారి తెలియనివాళ్లు. అరవై పేపర్లకు పావుగంట పడుతుంది. మిగతా ప్రశ్నలు బోర్డు మీద జవాబులు రాసి పిల్లలతోనే దిద్దించండి, ఎవరి పేపర్ వాళ్లే, వేరే రంగు పెన్నుతో. మూడో కట్టలోని పేర్లు ఒక చీటీ మీద రాసుకుని, మర్నాడు మొదటి పది నిమిషాల్లో మిగతావాళ్లకు బోర్డు మీద రెండు లెక్కలు ఇచ్చి, ఆ ఎనిమిదిమందో పదిమందో కూర్చున్న బెంచీ దగ్గరికి వెళ్లండి.